బంతి లేనివాని యాట

మా కోహెడ గ్రామమున చాయి దుకాణము ముందరి వేపచెట్టు నీడ యొక విద్వత్సభ. అచ్చట చర్చకు రాని విషయము లేదు. తేలిన విషయము మరునాటివరకు తేలినట్లు నిలిచినదియు లేదు. ఔటర్ రింగురోడ్డు పడిన నాటినుండి ఎకరము ధర యెంత యని కొంతకాలము వాదించితిమి. 2020 వేసవిలో నగరపు పండ్ల మార్కెట్టును కొన్నాళ్లు మా యూరికి తెచ్చినప్పుడు మామిడిపండ్ల ధరను గూర్చి వాదించితిమి. గాలివానకు అచ్చటి షెడ్లు కూలిన పిమ్మట ఆ తప్పెవ్వరిదని మరికొన్నాళ్లు వాదించితిమి. క్రికెట్టు సంగతి చెప్పనే యక్కరలేదు. కాని నిరుటి వర్షాకాలమునుండి ఫుట్‌బాలు ప్రసంగము ఈ సభలో ప్రవేశించి తక్కిన ప్రసంగముల నన్నిటిని వెనుకకు నెట్టినది. అందు మేమును పాల్గొంటిమి. పాల్గొనుటయే కాదు, ఒక మనుష్యుని జీవనోపాధికి హాని కలుగునంతవరకు పోతిమి. ఆ సంగతి చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ ప్రసంగమునకు మూలము మా పాతశిష్యు డొకడు. మా పాఠశాలలో పదవ తరగతి ముగించి, పిమ్మట ఇబ్రహీంపట్నము ప్రాంతమున వెలసిన ఇంజనీరింగు కళాశాలలలో నొకదాన చేరినాడు. తండ్రి ఆటో నడుపును. తల్లి కూలికి పోవును. పరుగెత్తుచున్న వానిని చూచినవారు వానికి కాళ్లు రెండే యున్నవనిన నమ్మజాలరు. అట్టివాడు కళాశాల జట్టులో సెంటర్ ఫార్వర్డు, అనగా గోలున కెదురుగా నిలిచి బంతిని వలలోనికి తన్నవలసిన ముఖ్యుడు, అయినాడని తెలిసిన దినమున చాయి దుకాణమువాడు ఎవ్వరియొద్దను కాసు పుచ్చుకొనలేదు. నాటినుండి ఆ జట్టు కళాశాలది కాదు, మాది.

జట్టునకు కోచ్ ముప్పదియేండ్లు దాటిన యువకుడు. ఏటేట తిరిగి వ్రాసికొనవలసిన తాత్కాలికపు టొప్పందము మీద పనిచేయుచుండెను. మితభాషి. జట్టు గెలిచినను గీత ప్రక్కన చేతులు కట్టుకొని నిలుచును. ఓడినను చేతులు కట్టుకొనియే నిలుచును. ఆయనపై మాకు గలిగిన మొదటి యాక్షేపణ యిదియే. రెండవది ఆయన నేర్పిన దాడిపద్ధతి. ఆట నెరుగని చదువరులకై యొకమాట చెప్పెదము. బంతిని ఎదుటివారి గోలుదాక కొనిపోవుటకు స్థూలముగా రెండు దారులు కలవు. వెనుకనుండి బంతిని దూరముగా తన్ని, వేగము గలవానిని దానివెంట పరుగెత్తించుట యొకటి. ఒకరికొకరు దగ్గరదగ్గరగా అందించుకొనుచు, ఎదుటివారిని తమ తావులనుండి కదిలించి, ఏర్పడిన సందులో దూరుట మరియొకటి. కోచ్ రెండవదారి పట్టెను. అంతటితో ఆగక, మా వానిని గోలుముందర నిలువనీయక నడిమైదానమునకు వెనుకకు రమ్మని చెప్పెను. గ్రామములోనికెల్ల వేగవంతు డైనవానిని వెనుకకు నడువు మనుట మాకు పందెపు గిత్తను గానుగకు గట్టినట్లు తోచినది.

నిరుడు చలికాలమున కళాశాలల పోటీలో ఆ జట్టు సెమీఫైనలు వరకు వచ్చినది. మే మొక పండ్రెండుగురము మోటారుసైకిళ్లపైనను, వాని తండ్రి యాటోలోను బయలుదేరి పోయి, సున్నపుగీత యవతల కూర్చుంటిమి. ఎదుటిజట్టున గోలు ముందర నిద్దరు బ్యాకులు తాటిచెట్లవలె నుండిరి. మావాడు చెప్పినట్లే వెనుకకు వచ్చుచుండెను. వాని వెంట నా తాటిచెట్లలో నొకటి కదలి వచ్చుచుండెను. రెండుమారులు బంతి మావాని కాలినుండి ఎడమప్రక్క నుండు వింగరునకు పోయినది. ఒకమారు వాడు తన్నిన బంతి అడ్డుకర్రపైగా పోయినది; రెండవమారు నిలువుకర్రకు తగిలి తిరిగివచ్చినది. మేము నెత్తి కొట్టుకొంటిమి. మరియొకమారు గోలు ముందరనే మావాని యెడమకాలివద్దకు బంతి వచ్చినది. తన్నిన గోలే. వాడు తన్నలేదు. బంతిని కుడికాలికి మార్చుకొనబోయెను. ఆలోగా తాటిచెట్టు రెండవది వచ్చి బంతిని తన్నివేసెను. ఇక ఎనిమిది నిమిషములలో ఆట ముగియు ననగా, ఎదుటివారు గుడ్డిగా తన్నిన యొక దూరపు బంతి మా బ్యాకు మోకాలికి తగిలి మా గోలులోనే పడినది. సున్నకు ఒకటి. కోచ్ చేతులు కట్టుకొనియే యుండెను.

నాటి రాత్రి వేపచెట్టు క్రింద జరిగిన చర్చ వర్ణింప నలవి కాదు. న్యాయశాస్త్రమున గౌతముడు చర్చను మూడు విధములుగా విభజించెను. నిజము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుచుటకు చేయునది జల్పము. తనకు నిలుపవలసిన పక్షమేదియు లేక, యెదుటివాని పక్షమును పడగొట్టుటకే చేయునది వితండ. కళాశాలలో ఈ విభాగమును వల్లించి మంచి మార్కులు సంపాదించితిమి. వేపచెట్టు క్రింద మేము చేసినది మూడింటిలో నేదియో నాడు మాకు స్ఫురింపలేదు. దూరపుబంతి పక్షమున మేము నిలిచి, వేగమే దాడికి ప్రాణమని యుదాహరణములతో నిరూపించితిమి. ముందాటగాడు వెనుకకు పోవుట పదార్థవిరోధ మంటిమి. అందరును ఔననిరి. పంతులు చెప్పిన మాటకు ఔననుట మా యూరి మర్యాద. అది మా వాదబలమని మేము భ్రమించితిమి.

కాదనినవా రొక్కరే. పోలీసుశాఖలో పనిచేసి విరమించిన యొక వృద్ధులు మా పొరుగున నున్నారు. చిన్నతనమున తండ్రి వెంట పోయి హైదరాబాదు సిటీ పోలీసుల యాట చూచినవారు. ఊరిలో అందరును వారిని తాత యందురు. మేమును అట్లే పిలుతుము. వారు చాయి చల్లారువరకు విని, మెల్లగా ననిరి: “సారూ, మీరంత బంతి యెనక ఉరికిండ్రు. బంతి లేనోడు ఏడ వోయిండో సూడలే. ఆ పొడుగోడు మన పోరని యెంబడి రానేవచ్చె, యెనక జాగ కాళీ ఆయె. రెండుసార్లు మనోళ్లు ఆ జాగలకెళ్లే వోయిండ్రు.”

“పోయి యేమి చేసిరి తాతా? గోలు కొట్టిరా?” అని మే మడిగితిమి. అందరు నవ్విరి.

“కర్రకు దాకితె కోచ్ తప్పా? రహీం సాబ్ ఉంటే మిమ్ముల్ని గీత అవుతల గూడ కూసోనియ్యకపోవు” అని వృద్ధులు లేచి యింటికి పోయిరి.

ఆంగ్లవిద్య నేర్చినందుకు పల్లెటూరి యుపాధ్యాయునకు దక్కు నధికార మొకటి కలదు: అర్జీ లన్నియు వాడే వ్రాయవలెను. ఆ రాత్రియే కళాశాల యాజమాన్యమునకు పంపుటకై యొక యుత్తరము మాచేత వ్రాయించిరి. వ్రాయించిరనుట కూడ నిజము కాదు. మేమే కాగితము తెప్పించితిమి. దాడి లేదనియు, ఉత్తమక్రీడాకారుని శక్తి వ్యర్థమగుచున్నదనియు, కోచ్‌నకు జయాపజయములయం దుత్సాహమే లేదనియు మూడు పేరాలలో మిక్కిలి చక్కని ఇంగ్లీషున వ్రాసితిమి. ఆ మూడవ పేరా మరల మరల చదువుకొని సంతోషించితిమని యిప్పుడు చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. నలువదియొక్కరు సంతకములు చేసిరి. వారిలో ఆట చూచినవారు పండ్రెండుగురు.

ఉత్తరమునకు జవాబు రాలేదు. కాని నెల తిరుగకముందే కోచ్ ఒప్పందమును పొడిగింపలేదని తెలిసినది. “తల్లిదండ్రులును గ్రామస్థులును అసంతృప్తిగా నున్నారు” అని చెప్పి పంపిరట. యాజమాన్యమువారికి వేరు కారణము లుండవచ్చును. జీతము మిగులు నను కారణ ముండవచ్చును. కాని వారు చూపిన కాగితము మాది.

చాయి దుకాణమున జయోత్సాహము మూడు దినము లుండెను. నాలుగవనాటి సాయంకాలము మా శిష్యుడు మా యింటికి వచ్చెను. అరుగుపై కూర్చుండ మన్నను కూర్చుండలేదు. “సార్, ఆ ఉత్తరం మీరే రాసిండ్రట గద?” అని యడిగెను. ఔనంటిమి, వాని మేలుకొరకే యని కూడ నంటిమి. వాడు కొంతసేపు నేల చూచి, “పొద్దుగాల ఐదింటికి సార్ నాకొక్కనికే ఎడమకాలు నేర్పుతుండె. ఇంకెవరు నేర్పుతరు?” అని చెప్పి, చెప్పులు తొడుగుకొని పోయెను. పదునేడు సంవత్సరములు పాఠము చెప్పినాము. ఒక ప్రశ్నకు జవాబు తోచక యరుగుమీద నిలిచిపోవుట అదియే మొదలు.

ఆ రాత్రి నిదుర పట్టక, వృద్ధులు తలచిన రహీం సాబును గూర్చి చదువ మొదలుపెట్టితిమి. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు వినియుండలేదని కాదు. 2024 లో వారిపై హిందీచిత్రము వచ్చినప్పుడు మా పిల్లలతో చూచితిమి. కాని సినిమాలో చప్పట్లు కొట్టుట వేరు. మన గదిలో దీపము పెట్టుకొని చదువుట వేరు. మొదట మమ్ము తాకిన సంగతి యాటది కాదు. 1909 లో హైదరాబాదున పుట్టి, ఉస్మానియాలో పట్టము పొందిన యీయన మొదట బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాటు పాఠశాలలలో చదువు చెప్పినవారు. అనగా మా కులస్థులే. ఉపాధ్యాయులకు వేరు కులము లేదు గదా!

ఆ బడిపంతులు తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసుజట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. 1951 లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారతజట్టు ఇరానును ఒక గోలుతో ఓడించి స్వర్ణము పొందినది. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో నేమైనది? యుగోస్లావియా చేతిలో ఒకటికి పది గోలులతో ఓడినది. మనవారిలో పెక్కండ్రు బూట్లు లేక ఉత్తకాళ్లతో ఆడిరి. ఒకటికి పది! చదువరులారా, సున్నకు ఒకటి గోలునకే మేము మూడు పేరాల యుత్తరము వ్రాసితిమి. ఆ యేట మా వేపచెట్టు ఢిల్లీలో నుండినచో మేమెన్ని పేరాలు వ్రాసియుందుమో! కాని నాటి పెద్దలు 1956 లో మరల జట్టును రహీం చేతికే యిచ్చిరి. మెల్‌బోర్నులో భారతజట్టు ఆస్ట్రేలియాను నాలుగు గోలులకు రెండుగా నోడించెను. నెవిల్ డిసౌజా యొక్కడే మూడు గోలులు కొట్టెను. సెమీఫైనలులో మరల యుగోస్లావియాయే యెదురై నాలుగుకు ఒకటిగా గెలిచినను, మనకు నాలుగవ స్థానము దక్కినది. ఒలింపిక్సు ఫుట్‌బాలులో మనము నేటివరకు దానిని మించిపోలేదు.

ఇది చరిత్ర; ఎవ్వరైనను చదువవచ్చును. మమ్ము కదలించినది ఆయన పాఠము చెప్పిన తీరు. హైదరాబాదు బాలురకు రెండు విచిత్రమైన పోటీలను పెట్టించెను. ఒకదానిలో డ్రిబ్లింగు నిషిద్ధము: బంతి కాలికి తగిలినవాడు దానిని తనవద్ద నుంచుకొని గంతులు వేయరాదు, వెంటనే మరియొకనికి అందింపవలెను. రెండవదానిలో బలము గల కాలు నిషిద్ధము: కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను మాత్రమే తన్నవలెను. మేము చదువుట ఆపి దీపము వంక చూచుచుండిపోతిమి. ఇరువది యొకటవ శతాబ్దమున బి.యెడ్. చదివిన మేము తరగతిలో బలహీనుడైన విద్యార్థిని వెనుక బెంచీమీద కూర్చుండబెట్టుదుము. ఆ బడిపంతులు బలహీనమైన కాలిని ముందర నిలువబెట్టి పోటీ యాడించెను.

ఆటలో పాసు లను వస్తువు మొదటినుండి లేదని కూడ ఆ రాత్రియే తెలిసికొంటిమి. ఇంగ్లండు పెద్దబడులలో నాడెడు పూర్వపుటాటలో బంతి దొరికినవాడు అది పోవువరకు తానే తన్నుకొనిపోవుటయే పౌరుషము. 1872 నవంబరు 30 వ తేదీన గ్లాస్గో నగరమున ఇంగ్లండునకును స్కాట్లండునకును మొదటి దేశాంతరపు టాట జరిగినప్పుడు ఇంగ్లండువారు ఏడెనిమిదిమందిని ముందాటలోనే నిలిపిరి. స్కాట్లండువారి తరఫున ఆడినవారందరును క్వీన్స్ పార్కు అను ఒక్క సంఘమువారే. కలసి యాడుట మరగినవారు, జంటజంటలుగా బంతిని అందించుకొనిరి. ఎవ్వరికిని గోలు రాలేదు. కాని అచ్చటనుండి లోకమునకు పాకినది ఓడని యా బలహీనుల పద్ధతియే. 1953 లో హంగరీవారు తమ సెంటర్ ఫార్వర్డు హిదెగ్కుటిని నడిమైదానమునకు దించి, వానివెంట పోవుటయో మానుటయో తెలియక ఇంగ్లండు బ్యాకులు దిక్కుతోచక తిరుగుచుండగా, వారి వెంబ్లీ మైదానముననే ఆరు గోలులకు మూడుగా నోడించిరి. అందు హిదెగ్కుటివే మూడు. మేము పదార్థవిరోధ మన్నది డెబ్బదియేండ్ల నాడే ఋజువైన సంగతి. తర్కము చదివినవాడు ప్రత్యక్షప్రమాణమును విడిచినచో నింతే.

రహీం కడపటి యాట 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే క్యాన్సరు ఆయనను తినుచుండెను. తొలియాటలోనే మనవారు దక్షిణకొరియా చేతిలో సున్నకు రెండుగా నోడిరి. తరువాత థాయిలాండుతోడి యాటలో బ్యాకుగా నాడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. అట్టివానిని ఇంటికి పంపుదురని యెవ్వరైనను అనుకొందురు. రహీం వానిని గోలుకాచు వరుసనుండి తీసి సెంటర్ ఫార్వర్డుగా నిలిపెను. సెప్టెంబరు 4 వ తేదీన ఫైనలులో అదే దక్షిణకొరియా. లక్షమంది జనము మనకు విరుద్ధముగా కేకలు వేయుచుండిరి. పి. కె. బెనర్జీ ఒకటి, తలకు కట్టుతో జర్నైల్ సింగు ఒకటి. రెండుకు ఒకటిగా స్వర్ణము మనది. మరుసటి సంవత్సరము జూను 11 న రహీం కన్నుమూసెను. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో ఆ పిమ్మట మనకు స్వర్ణము లేదు. బ్యాకును ముందునకు పంపినప్పుడు వేపచెట్టు క్రిందివా రేమందురు? ముందాటగాని వెనుకకు దించినప్పుడు మేమేమంటిమో అదియే యందురు.

మరునాటి యాదివారము కోచ్ ఇల్లు వెదకికొని పోతిమి. ఇబ్రహీంపట్నమున నొక మేడమీది గది. గోడకు చాకు పలక. మూలన నాలుగు బంతులు వలసంచిలో. ఆయన మమ్ము గుర్తుపట్టి కుర్చీ వేసెను. ఎట్లు మొదలుపెట్టవలెనో తోచక, ఉత్తరము మేమే వ్రాసితిమని చెప్పివేసితిమి.

“తెలుసు సార్. నాకు చూపించారు. మీ ఇంగ్లీషు చాలా బాగుంది” అని ఆయన చాయి కలుపుటకు లోనికి పోయెను. ఇందులో వెటకార ముండెనా? ఉన్నచో మాకు తగినదే. లేకున్నచో మరింత బాధ.

ఆయన కోపపడలేదు; మా తప్పును తేలిక చేయనులేదు. దాడిని గూర్చి మా యాక్షేపణల నొక్కొక్కటిగా అడిగి, పలకమీద చాకుతో గీతలు గీచి చూపెను. ఒంటికాలి ముందాటగానిని గోలు ముందర నిలిపినచో బ్యాకులు వాని కుడిప్రక్క మూసివేసి ఎడమకు నెట్టుదురు. అప్పుడు వాని వేగమంతయు బూడిదలో పోసిన పన్నీరు. వెనుకకు దించినచో బంతి వానికి కుడికాలి మీద అందును, ఒక బ్యాకు వెంట వచ్చును, ఆ సందులోనికి ఎడమకాలు బలమైన వింగరు పోవును. ఇంతే. మేము మూడు పేరాలలో ఖండించినది నాలుగు గీతలలో నున్నది. కాని తాను చేసినదంతయు ఒప్పని ఆయన యనలేదు. ఆఖరి పావుగంటలో పిల్లలు అలసియుండగా దూరపు బంతులు కొన్ని వాడవలసినదే, తాను పట్టుపట్టితి నని యొప్పుకొనెను. మా పక్షమునకు దక్కిన విజయ మిది. ఇంటికి మోసికొనిపోదగినంత బరువు లేదు.

“ఆ కుర్రవాని యెడమకాలికి ఏమైనది? చిన్ననాడు దెబ్బ తగిలెనా?” అని యడిగితిమి.

ఆయన మాట చెప్పక ఒక నోటుపుస్తకము తీసి యిచ్చెను. జట్టులోని ప్రతి బాలునకును ఒక పుట. ఏ కాలు బలము, ఎన్నవ నిమిషమున అలయును, ఇంటివద్ద తిండి యేమి, బస్సు ఎన్నింటికి. మా శిష్యుని పుటలో మొదటి పంక్తి: “కుడి మంచిది. ఎడమ లేదు.” దాని క్రింద: “8, 9, 10 తరగతులలో ఆట లేదు.”

ఆ మూడేండ్లును వాడు మా తరగతిలో నుండెను. పాఠశాల వేళాపట్టికలో గురువారము కడపటి పీరియడు ఆటలది. పదవ తరగతి ఫలితములు తగ్గకుండుటకై ఎనిమిదవ తరగతినుండియే ఆ పీరియడును మేము ఇంగ్లీషు వ్యాకరణమునకు తీసికొంటిమి. ఎవ్వరు నడ్డుచెప్పలేదు. తల్లిదండ్రులు మెచ్చుకొనిరి. బంతి బీరువాలో నుండెను. బీరువా తాళపుచెవి మా జేబులో నుండెను. ఎడమకాలు నేర్వవలసిన వయస్సులో వాడు మా యెదుట కూర్చుండి కర్మణిప్రయోగము నేర్చెను. దానిలో వానికి నూటికి తొంబదియొకటి వచ్చినది. సెమీఫైనలులో వాడు బంతిని ఎడమనుండి కుడికి మార్చుకొనబోయిన యా ఒక్క క్షణము మేము పెట్టినది. దానికై వేరొకని యుద్యోగము తీయించితిమి.

ఈ తప్పు మా యొక్కరిదే యని చెప్పుకొనుటయు నొక విధమైన గొప్పయే. మన పాఠశాలలలో ఎన్నింట ఆటల పీరియడు ఆటలకు మిగిలినదో, చదువరులు తమ పిల్లల నడుగవచ్చును. ఎన్ని కళాశాలలకు నాలుగంతస్తుల మేడయు, దాని ముందర కారులు నిలుపు స్థలమును ఉండి, మైదానము మాత్రము ప్రకటనపత్రికలోని బొమ్మలోనే యున్నదో చూడవచ్చును. పరీక్షలో ప్రక్కవానికి కనబడకుండ మోచేయి అడ్డుపెట్టుకొని వ్రాయుమని పదేండ్లు నేర్పి, పదునొకండవ యేట మైదానములోనికి తోలి, బంతిని ప్రక్కవానికి అందింపు మన్నచో వా డందించునా? మనపిల్లలు ఇంకను 1872 నాటి ఇంగ్లండు ఆటయే యాడుచున్నారు. ఇక ఆడపిల్లల మాట. మా పాఠశాలలో బంతిని కాలితో తాకిన బాలిక నిరుటివరకు ఒక్కతెయు లేదు. ఎవ్వరును వద్దనలేదు, ఎవ్వరును రమ్మననులేదు.

క్రొత్త కోచ్ వచ్చి దూరపు బంతుల యాట మొదలుపెట్టెను. మొదటి యాటలో జట్టు మూడుకు ఒకటిగా గెలిచినది. మావాడు రెండు గోలులు కొట్టెను. చాయి దుకాణమున మరల పండుగ. రెండవ యాటలో ఎదుటివారు వాని కుడిప్రక్క మూసివేసిరి. సున్నకు రెండు. ఇది చూచి, చూచితిరా యని మేము వాదమునకు దిగుదుమేమో యని వృద్ధులు మా వంక చూచిరి. మే మేమియు ననలేదు. రెండాటలతో ఒక పద్ధతి నిజమో అబద్ధమో తేలునా? ఇదివరకు మేము చేసిన పని ఒక్క యాటతో తేల్చుటయే.

యాజమాన్యమునకు రెండవ యుత్తరము వ్రాసితిమి. ఈసారి తెలుగులో. మొదటిదానిని మేము తెలియక వ్రాసితిమనియు, ఆ కోచ్‌ను మరల పిలువవలసినదనియు. దానికి సంతకములు పండ్రెండే వచ్చినవి. ఆట చూచినవారందరును చేసిరనుకొనవలదు; వారిలో నేడుగురు, చూడనివారైదుగురు. జవాబు నేటివరకు రాలేదు. ఆయన ఇప్పుడు నగరమున వారమునకు మూడు దినములు ఒక బడిలో చిన్నపిల్లలకు డ్రిల్లు చెప్పుచున్నాడు.

గురువారపు కడపటి పీరియడును మాత్రము తిరిగి యిచ్చివేసితిమి. ప్రధానోపాధ్యాయులు ఫలితముల మాట యెత్తిరి. మేమును చాలకాలము ఎత్తినవారమే గనుక ఎట్లు సమాధానము చెప్పవలెనో తెలిసినది. మొదటి గురువారము బీరువా తీయగా బంతిలో గాలి లేదు. రెండవ గురువారమునుండి ఆట. ఆరవ తరగతి మొదలు ఎనిమిది వరకు, రహీం సాబు నియమము: బలము లేని కాలు మాత్రమే. వృద్ధులు పోలీసుల విజిలు మెడను వేసికొని రిఫరీగా వచ్చుచున్నారు. కుడికాలు తాకించినవానిని “అవుట్” అని గద్దించుచున్నారు. అది క్రికెట్టు మాట యని చెప్పినను వినరు. ఇద్దరు బాలికలు మొదట బంతి తెచ్చియిచ్చుటకు వచ్చి, మూడవ వారమునకు ఆటలో దిగిరి. వారిలో నొకతె పుట్టుకతోనే ఎడమచేతివాటము గలది. దానికి కుడికాలితో తన్ను మని శిక్ష. మిక్కిలి కోపముతో నాడును.

పోయిన గురువారము మా శిష్యుడు కళాశాలనుండి వచ్చుచు గోడవద్ద నిలిచి చూచెను. ఆ ఉత్తరము నాటినుండి వాడు మాతో మాటాడలేదు. పిల్లలు పిలువగా సంచి క్రింద పెట్టి లోనికి వచ్చెను. వృద్ధులు విజిలు ఊది, “నీకు గూడ ఎడమకాలే” అనిరి. వాడు రెండుమారులు గాలిని తన్నెను. ఆరవ తరగతివారు నవ్విరి. మూడవమారు కాలికి సరిగా తగిలిన బంతి, గోలుకై పాతిన కర్రలకు పదిగజములు ప్రక్కగా పోయి, పాఠశాల గోడ దాటి, ఎవ్వరిదో ప్లాటులోని ముండ్లపొదలలో పడినది. పిల్లలు పోబోయిరి. మీరుండు డని చెప్పి, పంచె యెగగట్టి, దానిని తెచ్చుటకు మేమే గోడ దాటితిమి.